72 సెకన్లు, 48 సూర్యబింబాలు

1868 ఆగస్టు 18, మంగళవారం. విభవ నామ సంవత్సరం, శ్రావణ బహుళ అమావాస్య. పిల్లాపాపలు చల్లగా ఉండాలని తల్లులు నోము నోచుకునే పోలాల అమావాస్య. ఆ ఏడు నోము సంగతి తర్వాత. పొద్దున్నే సూర్యగ్రహణం, అదీ సంపూర్ణం.

మేళ్లచెరువు అనే ఊరు అప్పట్లో నిజాం రాజ్యంలో ఉండేది. కృష్ణ దాటి అవతలి గట్టుకు పోతే ఇంగ్లీషువాళ్ల ఏలుబడి. గ్రహణానికి ఆ హద్దులేం పట్టవు. ఊళ్లో శంభులింగేశ్వర స్వామి గుడి తలుపులు మూతపడ్డాయి. పచ్చడి జాడీల మీద దర్భలు పడ్డాయి. ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు.

"ఓ కోడలా, గడప దాటకే. పట్టు పట్టింది."

"విడుపు ఎప్పుడత్తా?"

"నన్నడిగితే? అయ్యగారు చెప్పాలె. నువ్వు మాత్రం కాలు కదపకు, చేతిలో ఆ కత్తిపీట కింద పెట్టు."

ఈ మాటలు నేను ఊహించి రాసినవే. కానీ గ్రహణం రోజున మన ఇళ్లలో ఇంతకంటే వేరే మాటలు ఏనాడు వినిపించాయి గనుక? తొమ్మిది గంటల ప్రాంతంలో పడమటి దిక్కు నుంచి చీకటి వచ్చి మీద పడింది. మేతకు పోయిన గొడ్లు ఇంటిదారి పట్టాయి. సూర్యుడున్న చోట నల్లటి బిళ్ల, దాని చుట్టూ తెల్లటి వెలుగు. సుమారు అయిదు నిమిషాలు. తర్వాత ఒక అంచున చురుక్కుమని మెరుపు మెరిసి, మళ్లీ పగలైంది. జనం విడుపు స్నానాలకు కృష్ణ రేవుకు కదిలారు. ఇదే నేల మీదుగా 1980 ఫిబ్రవరి 16న కూడా చంద్రుడి నీడ పోయింది. నల్గొండ జిల్లాలో ఆ రోజు మధ్యాహ్నం వీధులు ఎంత నిర్మానుష్యంగా ఉన్నాయో చెప్పేవాళ్లు ఇప్పటికీ ఊరూరా ఉన్నారు.

జనం తలుపులేసుకున్న ఆ ఉదయం, అదే నీడ కోసం ఎక్కడెక్కడి నుంచో ప్రయాణం చేసి వచ్చి, ఆరుబయట కాచుకు కూర్చున్నవాళ్లు కూడా ఉన్నారు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి చింతామణి రఘునాథాచారి తన బృందంతో వనపర్తి చేరుకున్నారు. ఆయన పై అధికారి నార్మన్ పాగ్సన్ బందరులో మకాం వేశాడు. ఈ రెంటికీ మధ్య, నీడకు దాదాపు నడిబొడ్డున పడే గుంటూరులో రెండు బృందాలు దిగాయి. ఒకటి బ్రిటిష్ సైన్యం ఇంజనీరు మేజర్ జేమ్స్ ఫ్రాన్సిస్ టెనంట్‌ది. రెండోది ఫ్రాన్స్ నుంచి వచ్చిన జూల్ జాన్సెన్‌ది.

టెనంట్ దగ్గర కెమెరా ఉంది. జాన్సెన్ పనంతా వెలుగును రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రోస్కోపుతోనే.

ఈ కథకు కీలకం ఆ తేడాయే. ఎందుకంటే ఆరేళ్ల తర్వాత ఖగోళశాస్త్రంలోకెల్లా వింతైన కెమెరా చేయించింది టెనంట్ కాదు, జాన్సెన్. దాని పేరు ఫోటోగ్రాఫిక్ రివాల్వర్. ఇవాళ అది ప్యారిస్‌లోని 'మ్యూజే దెజార్ ఎ మెతియే' అనే మ్యూజియంలో ఉంది. ఫూకో లోలకాన్ని చూడటానికి జనం వెళ్లే మ్యూజియం అదే.

*

ముందు టెనంట్ గుడారంలోకి వెళ్దాం. అసలైన ఆదుర్దా అక్కడ ఉంది.

ఆ రోజుల్లో ఫోటో తీయడమంటే గాజు పలకతో పని. కొలోడియన్ అనే జిగట ద్రవాన్ని పలక నడుమ పోసి, పలకను నాలుగు మూలలకూ వంచుతూ సమానంగా పరచాలి. పూత కాస్త బిగుసుకోగానే చీకటి గుడారంలో సిల్వర్ నైట్రేట్ తొట్టిలో ముంచాలి. పైకి తీసి, తడి ఆరకముందే టెలిస్కోపుకు బిగించి, వెలుగు సోకించి, వెంటనే వెనక్కి తెచ్చి మందునీళ్లతో బొమ్మ తేల్చాలి. ఆరిందా, పలక చెడింది. కొలోడియన్‌లో ఈథర్ ఉంటుంది. శ్రావణమాసపు గుంటూరు ఉక్కలో, కప్పేసిన గుడారంలో, అది ఎంతసేపు తడిగా ఉంటుంది? ఆ వాసనకు తల తిరుగుతుంది. సిల్వర్ నైట్రేట్ తగిలిన వేళ్లు నల్లబడతాయి, ఎంత కడిగినా వారాల తరబడి పోదు ఆ నలుపు.

లండన్‌లో బ్రౌనింగ్ తయారుచేసిన టెలిస్కోపు అది. లోపల వెండి పూత పూసిన 9 అంగుళాల గాజు అద్దం. సంపూర్ణ గ్రహణం ఉండేది అయిదు ముప్పావు నిమిషాలు. ఈలోగా ఒక పలక దించి ఇంకొకటి ఎక్కించి, మూత తీసి, సెకన్లు లెక్కబెట్టి, మూసి, చీకటి గుడారంలోని మనిషికి అందించాలి. ఆకాశంలో పల్చటి మబ్బు తెర ఉంది. ఎవరికీ తల ఎత్తి సూర్యుడి వంక చూసే తీరిక లేదు. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఇదే: తమ జీవితంలో చూడబోయే మహా దృశ్యం నెత్తిమీద జరుగుతుంటే, ఆ సైనికులు తొట్టిలోకి తలలు వంచి పలకలు ముంచుకుంటూ గడిపారు.

ఆరు పలకలు దక్కాయి. పలక ఒక్కింటికి నిమిషం కూడా పట్టలేదన్నమాట. వాటి మీద చంద్రుడి నల్లటి బిళ్ల, అంచున నిప్పు నాలుకలు. అందులో ఒకటి మరీ పొడుగ్గా, మెలితిరిగి లేచింది. దానికి టెనంట్ 'పెద్ద కొమ్ము' అని పేరు పెట్టాడు.

*

ఆ కొమ్మునే అదే ఊళ్లో మరో చోటి నుంచి ఇంకొక మనిషి చూస్తున్నాడు.

జాన్సెన్‌కు అప్పటికి 44 ఏళ్లు. పసితనంలో జరిగిన ప్రమాదంతో ఒక కాలు కుంటి. ఆ కాలుతోనే అగ్నిపర్వతాలు ఎక్కాడు, సముద్రాలు దాటాడు. గుంటూరులో జూల్ లెఫోషూర్ అనే ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో దిగి, అక్కడే పరికరాలు అమర్చుకున్నాడు. చీకటి పడగానే స్పెక్ట్రోస్కోపు సన్నచీలికను సూర్యుడి అంచున లేచిన నిప్పు నాలుక మీదికి తిప్పాడు.

ఇంద్రధనుస్సు రంగుల పట్టీ కనిపించలేదు. నల్లటి నేపథ్యం మీద విడివిడిగా కొన్ని గీతలు, కళ్లు మిరుమిట్లు గొలిపేంత కాంతితో. అంటే ఆ నాలుకలు మండే వాయువు, ముఖ్యంగా హైడ్రోజన్. అంతవరకు ఆ జ్వాలలు ఏ పదార్థమో ఎవరికీ రూఢిగా తెలియదు. ఆ సందేహం ఆ కొన్ని నిమిషాల్లో తీరిపోయింది. జాన్సెన్ బుర్రలో ఇంకో ఆలోచన మెరిసింది. గీతలు ఇంత కాంతిగా ఉన్నాయి కదా, గ్రహణం లేకపోయినా వీటిని పట్టుకోవచ్చు! పగటి వెలుగు స్పెక్ట్రోస్కోపులో పట్టీలా పరుచుకుని పల్చబడుతుంది. ఈ గీతలు మాత్రం చెక్కుచెదరవు.

అప్పుడే చూద్దామంటే మబ్బు కమ్మింది. ఆ సాయంత్రమంతా ఆయన ఎంత తహతహలాడి ఉంటాడో మనం ఊహించుకోవాల్సిందే. మర్నాడు, ఆగస్టు 19న, తెల్లవారగానే చీలికను సూర్యుడి అంచుకు చేర్చాడు. ఎర్రగీత తళుక్కుమంది. గ్రహణం గడిచిన మర్నాడు, పట్టపగలు, సూర్యుడి అంచున లేచే జ్వాలలను మనిషి చూడటం అదే మొదలు. వరసగా 17 రోజులు గుంటూరులో రోజూ గ్రహణమే ఆయనకు.

సెప్టెంబరు 19న కాకినాడ నుంచి ప్యారిస్‌కు ఉత్తరం రాశాడు. అది ఓడెక్కి వెళ్లేసరికి అక్టోబరు 26. అదే రోజు, కొద్ది నిమిషాల తేడాతో, ఇంగ్లండు నుంచి ఖగోళశాస్త్రజ్ఞుడు నార్మన్ లాకియర్ ఉత్తరం కూడా అక్కడి సైన్సు అకాడమీకి చేరింది. గ్రహణం ఊసే లేకుండా, అదే పద్ధతిని తనంతట తాను అక్టోబరు 20న సాధించానని ఆయన రాశాడు. ఫ్రెంచివాళ్లు తగవు పెట్టుకోకుండా ఇద్దరి తలలూ ఒకే పతకం మీద పక్కపక్కన ముద్రించారు.

హీలియం గుంటూరులో పుట్టిందని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. ఆ మాటను కొంచెం ఆచితూచి వాడాలి. కొత్త మూలకం కనుక్కున్నానని జాన్సెన్ ఎక్కడా చెప్పుకోలేదు. ఆ జ్వాలల గీతల్లో పసుపుది ఒకటి సోడియం గీతకు సరిగ్గా సరిపోలడం లేదని గమనించినవారిలో బందరులోని పాగ్సన్ ఉన్నాడు. దాన్ని పట్టుకుని కూర్చుని, ఇది భూమి మీద లేని పదార్థమేమోనని వాదించింది లాకియర్. గుంటూరుకు దక్కాల్సిన గొప్పతనం వేరే ఉంది. సూర్యుణ్ని గ్రహణం దయాదాక్షిణ్యాల మీద ఆధారపడకుండా చదవవచ్చని మొదట తేలింది అక్కడ. అది చిన్న గొప్పేం కాదు.

*

కంటితో చూసి అంతటి పేరు తెచ్చుకున్న మనిషి, తర్వాత కంటిని నమ్మడం మానేశాడు. ఫోటో పలకే శాస్త్రజ్ఞుడి అసలైన రెటీనా అని చెప్పే దాకా వెళ్లాడు. మధ్యలో ఏం జరిగింది?

కొంత అనుభవం. 1870 డిసెంబరులో ప్యారిస్‌ను ప్రష్యా సైన్యం చుట్టుముట్టి ఉంటే, ఆల్జీరియాలో గ్రహణం చూడటానికి 'వోల్టా' అనే బెలూన్ ఎక్కి శత్రువుల నెత్తి మీదుగా తప్పించుకుపోయాడు. తీరా గ్రహణం వేళకు మబ్బు! 1871లో నీలగిరులకు వచ్చి ఇంకొక గ్రహణం చూశాడు. ఇంత పాటుపడి వెళ్లినా చేతికి చిక్కేది కొన్ని నిమిషాలు. చూసిందంతా చూసినవాడి మాట మీదే నిలబడాలి.

అసలు కారణం మాత్రం శుక్రుడు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతున్నాడు. ఈ సంఘటన శతాబ్దానికి పైగా విరామం తర్వాత వస్తున్నది. శుక్రుడి నల్లచుక్క సూర్యుడి అంచును లోపలి నుంచి తాకే క్షణాన్ని లోకంలోని వేర్వేరు చోట్ల నుంచి కచ్చితంగా నమోదు చేస్తే, సూర్యుడికీ మనకూ దూరమెంతో లెక్కకట్టవచ్చు. చిక్కంతా ఆ క్షణంతోనే. నల్లచుక్క అంచును వదిలినట్టే ఉండి, తుమ్మబంక సాగినట్టు ఒక నల్లతోకతో అతుక్కుని కనబడుతుంది. 1761లో, 1769లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరు కూడా ఒకే క్షణం చెప్పలేకపోయారు. రాజులు ఓడలిచ్చి పంపిన యాత్రలు ఈ నల్లతోక దగ్గర తడబడ్డాయి.

ఈసారి లోకమంతా సిద్ధపడింది. టెనంట్ ఉత్తరాదిన రూర్కీలో సూర్యుణ్ని ఫోటో తీసే దూరదర్శినితో కూర్చున్నాడు. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు స్థాపించిన అబ్జర్వేటరీలో ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 6 అంగుళాల టెలిస్కోపుతో గమనించి, ఆ వివరాలను లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ పత్రికలో అచ్చువేయించారు. వనపర్తిలో గ్రహణం చూసిన రఘునాథాచారి, ఇదేదో అరిష్టమని జనం బెదిరిపోకుండా, శుక్రుడి ప్రయాణాన్ని దేశభాషల్లో వివరిస్తూ ముందుగానే పుస్తకం వేశారు. నా లెక్కన ఆ ఏడాది జరిగిన ఖగోళ కృషి అంతటిలో ఎక్కువ మందికి అక్కరకొచ్చింది ఆ చిన్న పుస్తకమే.

జాన్సెన్ దారి వేరు. తాకే క్షణం ఏదో మనిషి చెప్పలేకపోతున్నాడు, కాబట్టి మనిషిని అడగొద్దు. ఆ క్షణానికి ముందు నుంచి మొదలుపెట్టి, అది దాటిపోయేదాకా వరసగా బొమ్మలు తీస్తూ పోదాం. ఏ బొమ్మలో తాకిందో తీరిగ్గా ఇంటికొచ్చి చూసుకోవచ్చు.

*

పేరుకే రివాల్వర్. దాన్ని చేత పట్టుకుని గురిపెట్టడం ఉండదు. ఆరుబయట ఒక అద్దం గడియారపు యంత్రంతో తిరుగుతూ సూర్యుడి వెలుగును ఎప్పుడూ ఒకే దిక్కుకు పంపుతుంది. ఆ దిక్కున కదలకుండా పడుకోబెట్టిన టెలిస్కోపు. దాని కొసన గుండ్రటి పెట్టె. పెట్టెలో వెండి పూత పూసిన రాగి బిళ్ల. అప్పటికి కొలోడియన్ పలకలు వచ్చి, ఇలాంటి లోహపు బిళ్లలు పాతబడి చాలాకాలమైంది. అయినా జాన్సెన్ పట్టుబట్టి వాటినే వాడాడు. గాజు పలక మీద వెలుగు కొంచెం పక్కకు పాకి సూర్యుడి అంచు ఉబ్బుతుంది. వెండి బిళ్ల మీద అంచు గీత గీసినట్టు పడుతుంది. వెంట్రుకవాసి తేడా కోసమే కదా ఈ పాట్లన్నీ.

బిళ్ల ముందు చీలికలున్న మరో చక్రం ఆగకుండా తిరుగుతూ ఉంటుంది. చీలిక ఎదురుగా వచ్చినప్పుడు వెలుగు లోపల పడుతుంది. సరిగ్గా ఆ సమయానికి వెండి బిళ్ల కదలకుండా ఉండాలి, చీలిక దాటిపోగానే ఒక అడుగు జరగాలి, మళ్లీ నిలవాలి. ఆగకుండా తిరిగే చక్రం నుంచి ఆగి ఆగి నడిచే చక్రాన్ని పుట్టించాలన్నమాట. దానికి వాడింది గడియారాల పనివాళ్లకు తెలిసిన మాల్టా క్రాస్. తిరిగే చక్రం మీద ఒక మేకు. నాలుగు చేతుల శిలువ ఆకారపు ముక్కలో గాడులు. మేకు గాడిలోకి దూరి శిలువను ఒక మెట్టు తిప్పి బయటపడుతుంది. మేకు చుట్టూ తిరిగి మళ్లీ వచ్చేదాకా శిలువ బిగుసుకుని నిలబడుతుంది.

ఈ ముక్కను మన ఊళ్లలో గుర్తుపట్టేవాళ్లు ఉన్నారు. టూరింగ్ టాకీసుల్లో, రీళ్లు తిరిగిన పాత సినిమా హాళ్లలో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసినవారిని అడగండి. రీలు సెకనుకు 24 సార్లు ఆగుతూ నడిచేది ఈ శిలువతోనే. అది అరిగితే తెర మీద బొమ్మ ఎగురుతుంది, నేల టికెట్టు నుంచి ఈలలు, కేకలు మొదలవుతాయి. జాన్సెన్ యంత్రంలో పరుగు అంత జోరుగా లేదు. సెకనున్నరకు ఒక బొమ్మ. బిళ్ల ఒక చుట్టు తిరిగేసరికి అంచు పొడుగునా 48 బొమ్మలు. మొత్తం 72 సెకన్లు.

దాన్ని పెట్టెల్లో కట్టుకుని జపాన్‌కు ఓడెక్కాడు. హాంకాంగ్ దగ్గర తుపాను ఓడను గడగడలాడించింది. చివరికి నాగసాకి చేరి, కొండ మీద శిబిరం వేశాడు. డిసెంబరు 9న శుక్రుడు వచ్చాడు. రివాల్వర్ తిరిగింది. బొమ్మలు పడ్డాయి.

ఫలితం? సూర్యుడి దూరం లెక్కకు పెద్దగా అక్కరకు రాలేదు. బ్రిటిష్‌వాళ్లు కూడా ఇదే పద్ధతిలో లండన్‌లో డాల్‌మేయర్ చేత బిళ్ల పెట్టెలు చేయించుకుని తమ శిబిరాలకు పంచారు, వాళ్లకూ నిరాశే. బొమ్మల్లోనూ అంచు మసకే. నల్లతోక తగాదా మనిషి కంట్లోనే కాదు, మనం చూస్తున్న గాలిలోనూ, టెలిస్కోపులోనూ ఉందని అప్పుడు అర్థమైంది. 1882లో శుక్రుడు మళ్లీ సూర్యుణ్ని దాటినప్పుడు బ్రిటన్ ఫోటోల జోలికే పోలేదు.

ఇవాళ ఇంటర్నెట్‌లో '1874 నాటి తొలి సినిమా' అంటూ తిరుగుతున్న కొన్ని సెకన్ల వీడియో ఒకటుంది. సూర్యుడి అంచు మీదుగా నల్లచుక్క జారుతూ ఉంటుంది. నాగసాకిలో తీసిందేనని లక్షలమంది నమ్మారు. చరిత్రకారులు మిగిలివున్న బిళ్లలను పట్టి పట్టి చూసి, 2005లో అసలు సంగతి తేల్చారు. అవి సాధన కోసం తీసినవట. అందులో కనిపించేది నిజం శుక్రుడు కాదు, ఓ నమూనా. తొలి సినిమా అనుకుంటున్నది కూడా రిహార్సలేనన్నమాట. సినిమావాళ్లకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు.

ఖగోళశాస్త్రంలో ఓడిన యంత్రం మాత్రం ఊరుకోలేదు. బొమ్మలను క్షణాల తేడాతో వరసగా పేర్చితే కదలికను విడదీసి చూడవచ్చని జాన్సెన్ ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ల ముందు వివరించాడు, జంతువుల నడకకూ పక్షుల ఎగురుడుకూ ఇది పనికొస్తుందన్నాడు. శరీరశాస్త్రజ్ఞుడు ఎతియెన్ జూల్ మారే ఆ మాట పట్టుకున్నాడు. 1882లో ఆయన చేసింది నిజంగానే భుజానికెత్తి గురిపెట్టే తుపాకీ. సెకనుకు 12 బొమ్మలు. ఎగిరే పక్షి రెక్క మడత మడతా దానికి చిక్కింది. జాన్సెన్ మాత్రం సూర్యుడి దగ్గరే ఉండిపోయాడు. మ్యూడాన్‌లో అబ్జర్వేటరీ కట్టించి, సూర్యుడి ఒంటి మీది బియ్యపు గింజల్లాంటి మచ్చలను పలకల మీద పట్టి, 1903లో వాటితో అట్లాసు వేశాడు.

గుంటూరు గ్రహణం ఉదయాన మొదలైన రెండు దారాలూ 1895లోనే కొసకు వచ్చాయి. మార్చిలో లండన్‌లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేసి, వచ్చిన వాయువును స్పెక్ట్రోస్కోపులో చూశాడు. సూర్యుడిలో కనిపించిన ఆ పసుపు గీతే. హీలియం భూమి మీద దొరికింది. జూన్‌లో లియాన్ దగ్గర నెవిల్ అనే ఊళ్లో ఫోటోగ్రాఫర్ల మహాసభ ప్రతినిధులు పడవ దిగుతున్నారు. ఒడ్డున లూయీ లూమియేర్ సినిమా తీసే కొత్త పెట్టె పెట్టుకుని హ్యాండిల్ తిప్పుతున్నాడు. దిగుతున్నవాళ్లలో 71 ఏళ్ల జాన్సెన్ ఉన్నాడు. ప్యారిస్‌లో జనం టికెట్టు కొని సినిమా చూడటానికి ఇంకా ఆరు నెలలుంది. ఆ రీలును మాత్రం ఒకటి రెండు రోజుల్లోనే సిద్ధంచేసి, పడవ దిగిన ప్రతినిధులకే తెర మీద వేసి చూపించారు.